కులవృత్తి కాని పని: తెలుగునాట వైర్‌మన్ వృత్తిలోకి నడివయసు ప్రవేశాలు

తెలుగు పల్లె చేతిపనులలో చాలావరకు వారసత్వంగా సంక్రమించినవే. కమ్మరి, వడ్రంగి, కంచరి, శిల్పి, కంసాలి అనే ఐదు పనులవారిని కలిపి పంచాణంవారని వ్యవహరించేవారు. వారి ఇళ్లలో కొడుకు తండ్రి పక్కన కూర్చొని ఉలి పట్టడం, కొలిమి తిత్తి ఊదడం ఊహ తెలిసిననాటి నుంచే మొదలయ్యేది. సాలెవారి మగ్గం, కుమ్మరి సారె సంగతీ ఇంతే. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాలలో ఈ సమాజంలోకి వచ్చిన విద్యుత్ పనికి మాత్రం అటువంటి వంశక్రమం లేదు. ఇంటికి తీగలు లాగి దీపాలు, పంకాలు బిగించే వైర్‌మన్‌కు గానీ, వీధి స్తంభాల మీద పనిచేసే లైన్‌మన్‌కు గానీ, మోటార్లను, స్విచ్‌బోర్డులను కూడా చూసే ఎలక్ట్రీషియన్‌కు గానీ ఆ పని నేర్పే తండ్రి లేడు, తాత లేడు. మొదటి తరంలో ఈ పని పట్టినవారందరూ ఏదో మరొక బతుకుతెరువు నుంచి వచ్చి చేరినవారే అయి ఉండాలి. కనుక నలభై ఏళ్ల వయసులో పాత ఉద్యోగం వదిలి కరెంటు పని నేర్చుకునే మనిషిని ఈనాడు వింతగా చూడటం చరిత్ర తెలియకపోవడం వల్లనే జరుగుతున్నది. నిజానికి ఈ వృత్తికి పునాది వేసినవారు అటువంటివారే.

భారతదేశంలో విద్యుత్తుకు సంబంధించిన మొట్టమొదటి పెద్ద పని చేసిన వ్యక్తి వృత్తిరీత్యా వైద్యుడు కావడం ఇక్కడ గుర్తించదగినది. ఐర్లండులో పుట్టిన విలియం బ్రూక్ ఓషానెసీ, కలరా రోగుల రక్తంలో నీరు, లవణాలు తగ్గిపోతాయని 1830ల తొలినాళ్లలోనే పరీక్షించి చూపినవాడు. ఈస్టిండియా కంపెనీ కొలువులో కలకత్తాకు వచ్చి అక్కడి వైద్య కళాశాలలో రసాయనశాస్త్రం బోధించాడు. 1839లో కలకత్తా సమీపంలో మైళ్ల పొడవున తీగ లాగి టెలిగ్రాఫ్ సంకేతాలు పంపే ప్రయోగం చేసినా అప్పట్లో ప్రభుత్వం పట్టించుకోలేదు. పుష్కరకాలం తరువాత గవర్నర్ జనరల్ డల్హౌసీ ప్రోత్సాహంతో 1851లో కలకత్తా నుంచి డైమండ్ హార్బర్ దిశగా లైను వేసి, ఆ వెనువెంటనే దేశవ్యాప్త టెలిగ్రాఫ్ శాఖకు అధిపతి అయ్యేనాటికి ఆయనకు నలభై దాటాయి. వెదురు పుష్కలంగా దొరికే దేశంలో ఏ స్తంభం నిలుస్తుంది, వానాకాలంలో తీగ చుట్టూ ఏ పూత నిలుస్తుంది అన్న ప్రశ్నలకు ఇంగ్లండు పుస్తకాలలో జవాబు లేనందున, వాటిని చేతితో చేసి తెలుసుకోగల మనిషి కావలసి వచ్చింది. ఆ మనిషి వైద్యుడా ఇంజనీరా అని అడిగే స్థితి అప్పటికి ఏర్పడలేదు.

దీపాలకూ యంత్రాలకూ వాడే విద్యుత్తు మరికొంత ఆలస్యంగా వచ్చింది. 1897లో డార్జిలింగ్ దగ్గర సిద్రాపాంగ్‌లో చిన్న జలవిద్యుత్ కేంద్రం, 1902లో మైసూరు రాజ్యంలో శివసముద్రం, 1905లో బెంగళూరు వీధి దీపాలు అన్నవి దక్షిణాదికి దారి చూపిన ఘట్టాలు. తెలుగు ప్రాంతాలలో ఈ వ్యాప్తి రెండు వేర్వేరు పాలనల కింద రెండు తీరులుగా జరిగింది. నిజాం రాజ్యంలో విద్యుత్తు ప్రభుత్వ శాఖగా పెరిగింది; సైఫాబాదులోని టంకశాల ఆవరణ, అంటే నాణేలు ముద్రించే మింట్ కాంపౌండ్, ఆనాటి నుంచి విద్యుత్ వ్యవహారాలతో ముడిపడి, ఇప్పటికీ పంపిణీ సంస్థ ప్రధాన కార్యాలయానికి చిరునామాగా ఉన్నది. 1920లో మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున బొగ్గుతో నడిచే కేంద్రం వెలసింది. మద్రాసు ప్రెసిడెన్సీ కిందనున్న కోస్తా పట్టణాలలోనైతే ప్రభుత్వం లైసెన్సు ఇచ్చిన ప్రైవేటు కంపెనీలు ఊరూరా చిన్న ఇంజన్లు పెట్టి కరెంటు అమ్మాయి. రాజమండ్రి ఎలక్ట్రిక్ సప్లై కార్పొరేషన్ అటువంటిదే. దాని నిర్వహణలోని అవకతవకలపై నడిచిన వ్యాజ్యం 1950లలో సుప్రీంకోర్టు దాకా వెళ్లి, కంపెనీ చట్టం చదివే విద్యార్థులకు నేటికీ ఆ ఊరిపేరు పరిచయం చేస్తున్నది.

ఇంజను పెట్టడం కంపెనీ వంతు, స్తంభం పాతడం కూడా కంపెనీ వంతే. ఇంటి లోపల తీగ లాగడం మాత్రం ఇంటివారు కుదుర్చుకునే పనివాడి వంతు. ఆ పని స్వరూపం తెలిస్తే తొలి వైర్‌మన్ ఎటువంటి చేయి తిరిగినవాడై ఉండాలో అర్థమవుతుంది. తొలినాళ్ల వైరింగులో కేసింగ్-క్యాపింగ్ అనే పద్ధతి ఉండేది: టేకు బద్దలో పొడవునా రెండు గాళ్లు తీసి, ఒక్కో గాడిలో ఒక్కో తీగ పరచి, పైన సన్నని టేకు మూతబద్ద మరలతో బిగించేవారు. తీగ అంటే రాగి మీద గంధకంతో ఉడికించిన రబ్బరు తొడుగు, దాని మీద తారు పట్టించిన నూలు అల్లిక. తరువాత వచ్చిన బ్యాటెన్ పద్ధతిలో గాళ్లు లేని సన్నని టేకు పట్టీ మీద గట్టి రబ్బరు తొడుగున్న తీగను పరచి, తగరపు పూత రేకు క్లిప్పులతో పట్టి ఉంచేవారు. ఏ పద్ధతిలోనైనా ముందు గోడకు చిల్లులు చెక్కి అందులో గుట్టీలు, అంటే మర పట్టుకోవడానికి వీలుగా చెక్కిన కొయ్యముక్కలు, సిమెంటుతో దిగ్గొట్టాలి; స్విచ్చు కింద గుండ్రని కొయ్య దిమ్మె అమర్చాలి; మూల తిరిగేచోట బద్దలను నలభై ఐదు డిగ్రీల వాలుగా కోసి అతకాలి. ఈ పనిలో ముప్పాతిక భాగం వడ్రంగం, తక్కిన పాతిక మాత్రమే విద్యుత్తు. రంపం, ఉలి, బరమా చేతిలో ఇరవై ఏళ్లు ఆడినవాడికి కొత్తగా తెలియవలసింది ఫేజు ఎక్కడ తెగాలి, న్యూట్రల్ ఎక్కడ కలవాలి, ఫ్యూజు తీగ ఎంత సన్నం ఉండాలి అన్న కొద్ది సూత్రాలే. నడివయసు మనిషికి ఆ కాలపు వైరింగు అందుబాటులో ఉండటానికి ఇదే ముఖ్యమైన కారణమని చెప్పవచ్చు. 1960ల తరువాత పీవీసీ తీగలూ, గోడలోనూ శ్లాబులోనూ ముందే పాతిపెట్టే గొట్టాలూ వచ్చి టేకు బద్దను వెళ్లగొట్టినప్పుడు ఆ వెసులుబాటు తగ్గింది. కొయ్యపని పోయి గోడకు గాడి కొట్టే బరువు పని మిగిలింది, దానికి మోచేతి బలమున్న కుర్రవాళ్లు కావలసివచ్చారు.

చట్టం ఈ వృత్తి చుట్టూ గీత గీయడం మొదలుపెట్టింది కూడా ఆ టేకు బద్దల తొలినాళ్లలోనే. 1903లో తొలి భారత విద్యుత్ చట్టం, దాని స్థానంలో 1910లో మరొకటి వచ్చాయి. వాటిలో ప్రధానంగా చెప్పినది సరఫరాదారు హక్కుల గురించీ ప్రజల భద్రత గురించీ. పనిచేసేవాడి అర్హత స్పష్టంగా తేలినది నియమావళులలో. 1956 నాటి భారత విద్యుత్ నియమాలలో 45వ నియమం ప్రకారం, దీపం, పంకా, ఫ్యూజు, స్విచ్చు వంటివి మార్చడం తప్ప మరే వైరింగు పనినైనా రాష్ట్ర ప్రభుత్వ లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు మాత్రమే చేపట్టాలి; యోగ్యతాపత్రం ఉన్న సూపర్‌వైజరు దానిని దగ్గరుండి చూడాలి; తీగ పట్టేవాడికి పర్మిట్ ఉండాలి. లైసెన్సు, యోగ్యతాపత్రం, పర్మిట్ అనే ఈ మూడు మెట్ల వ్యవస్థే రాష్ట్రాల లైసెన్సింగ్ బోర్డుల ద్వారా నేటికీ కొనసాగుతున్నది. ఈ నియమం వయసు గురించి ఏమీ అనలేదన్నది గమనించాలి. అది అడిగింది చదువునో, పరీక్షనో, అనుభవానికి రుజువునో. అయితే పగలంతా కూలికి పోయే నలభై ఏళ్ల మనిషికి రుజువు చూపడం ఇరవై ఏళ్లవాడికన్నా కష్టమన్నది నియమం రాసినవారి దృష్టికి రాలేదు.

నడివయసువారి ప్రవేశాన్ని ప్రభుత్వమే ఒక పథకంగా చేపట్టిన ఘట్టం రెండో ప్రపంచయుద్ధంతో వచ్చింది. ఈ చరిత్రలో ఎక్కువమంది మరచిపోయిన అధ్యాయం ఇదే. యుద్ధ పరిశ్రమలకూ సైన్యపు మెకానికల్ విభాగాలకూ పనివారు చాలక, 1940లో కేంద్ర కార్మిక శాఖ సాంకేతిక శిక్షణ పథకం ప్రారంభించింది. ఫిట్టరు, టర్నరు, వెల్డరు పనులతో పాటు విద్యుత్ పని కూడా అందులో ఉండేది. మరుసటి ఏడాది నుంచి బ్రిటన్ కార్మిక మంత్రి ఎర్నెస్ట్ బెవిన్ పేరు మీద, భారతీయ పనివారిని ఇంగ్లండుకు పంపి నేర్పించే ఏర్పాటు కూడా జరిగింది. 1943లో సైన్యంలో ఎలక్ట్రికల్, మెకానికల్ ఇంజనీర్ల దళం ఏర్పడింది; దాని శిక్షణ సంస్థ తరువాతి కాలంలో సికింద్రాబాదులోని తిరుమలగిరిలో స్థిరపడింది. యుద్ధం ముగిసేసరికి ఇరవై లక్షలకు మించిన సైన్యాన్ని ఇళ్లకు పంపవలసి వచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఈ యుద్ధంలో భారీగా భర్తీ జరిగింది గనుక, మిలిటరీ మాధవరమని పేరుపడ్డ పశ్చిమ గోదావరి ఊరు మొదలుకొని ఎన్నో తెలుగు పల్లెలకు ఈ సమస్య సొంత ఇంటి సమస్య అయింది.

ఇలా తిరిగివచ్చిన సైనికుల కోసమే 1945లో పునరావాస, ఉపాధి డైరెక్టరేట్ జనరల్ అనే కార్యాలయం పుట్టింది. ఉపాధి కార్యాలయాలు, శిక్షణ కేంద్రాలు దాని రెండు చేతులు. రెండేళ్లు గడిచేసరికే దేశవిభజన జరిగి, పశ్చిమ పంజాబు నుంచి లక్షలాది శరణార్థులు రావడంతో ఆ శిక్షణ వారికి కూడా విస్తరించింది. కురుక్షేత్రం శిబిరంలోనూ, తరువాత ఎస్.కె. డే నిర్మించిన నీలోఖేరి పట్టణంలోనూ, పొలాలు, దుకాణాలు పోగొట్టుకున్న పెద్ద వయసువారు బల్లల ముందు నిలబడి కొత్త పనులు నేర్చుకున్నారు. 1948లో మధ్యప్రాంతాలలోని బిలాస్‌పూర్ పక్కన కోనీలో, పని నేర్పే బోధకులకే శిక్షణనిచ్చే సంస్థ నెలకొన్నది. ఈనాడు పదో తరగతి పాసైన పిల్లలు చేరే ఐటీఐ, అంటే పారిశ్రామిక శిక్షణ సంస్థ, ఈ వేరు నుంచి మొలిచినదే. సంసారం ఉన్నవాడు, వయసు మీరినవాడు, ఒక బతుకు కోల్పోయినవాడు అన్న ముగ్గురినీ ఉద్దేశించి మొదలైన వ్యవస్థ అది. శిక్షణ కాలంలో వారికి భృతి ఇచ్చినది కూడా అందువల్లనే.

1950లో చేతిపనివారి శిక్షణ పథకం ప్రారంభమైనప్పుడు ఆ ఉద్దేశం తిరగబడింది. చదువుకున్న యువకులలో నిరుద్యోగం తగ్గించడం, కొత్త కర్మాగారాలకు లెక్క ప్రకారం పనివారిని అందించడం లక్ష్యాలయ్యాయి. బి. శివరావు అధ్యక్షతన వేసిన కమిటీ సిఫార్సుల మేరకు 1956లో ఈ సంస్థల రోజువారీ నిర్వహణ రాష్ట్రాలకు బదిలీ కాగా, సరిగ్గా ఆ ఏడాదే ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ వాటిని తొలినుంచే తన ఇంటి సంస్థలుగా అందుకున్నది. హైదరాబాదు మల్లేపల్లి, విశాఖ కంచరపాలెం వంటి చోట్ల ఉన్న ప్రభుత్వ ఐటీఐలు తరతరాల ఎలక్ట్రీషియన్లకు తల్లిబడులయ్యాయి. 1961 అప్రెంటిస్ చట్టం కర్మాగారాలలో కుర్రవాళ్లకు చోటు చూపింది. ప్రణాళికల కాలపు ఆలోచనలో ఇది తప్పని అనలేము. జనాభాలో కుర్రవారే ఎక్కువ, ఉక్కు, విద్యుత్ కర్మాగారాలకు ముప్పై ఏళ్లు పనిచేసే చేతులు కావాలి. కానీ దాని ఫలితంగా, వృత్తిలోకి రెండు తలుపులు ఏర్పడ్డాయి: ధ్రువపత్రంతో కుర్రవాడు వచ్చే ముందు తలుపు ఒకటి, మేస్త్రి వెంట హెల్పరుగా పెద్దవాడు వచ్చే పెరటి తలుపు మరొకటి.

ఆ పెరటి తలుపు గుండా పెద్ద రాకపోకలు సాగినది పల్లెలకు కరెంటు వచ్చాకనే. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం ఉత్పత్తి ప్రారంభించి ఉత్తర కోస్తాకు వెలుగునిచ్చింది. 1959 ఏప్రిల్ 1న రాష్ట్ర విద్యుత్ బోర్డు ఏర్పడింది. 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ పుట్టి ఊళ్లకు లైన్లు వేయడానికి అప్పులివ్వసాగింది. దాని ప్రయోగాత్మక సహకార సంఘాలలో ఒకటి 1970లో కరీంనగర్ జిల్లా సిరిసిల్లలో మొదలై, ‘సెస్’ అనే పేరుతో నేటికీ అక్కడి జనానికి కరెంటు పంచుతున్నది. సిరిసిల్ల చేనేత పట్టణం కూడా కావడం ఇక్కడ ముఖ్యం. చేతి మగ్గం స్థానంలో మరమగ్గం వచ్చినప్పుడు నేతగాడికి దారం తెగితే ముడి వేయడమే కాక మోటారు ఆగితే ఎందుకు ఆగిందో చూసుకోవడం కూడా అవసరమైంది. నేసేవాడు మోటారు మనిషిగా మారడానికి ఊరు దాటనవసరం లేకపోయింది.

వ్యవసాయపు మోటార్లు తెచ్చిన మార్పు దీనికన్నా విస్తృతమైనది. బావి మీద కపిలె పోయి పంపుసెట్టు వచ్చింది. 1983లో హార్స్‌పవర్‌కు ఏడాదికి యాభై రూపాయల చొప్పున స్థిరమైన రేటు, 2004లో ఉచిత విద్యుత్తు వాటి సంఖ్యను మరింత పెంచాయి. లైను చివర ఓల్టేజి పడిపోయినప్పుడు మోటారు అదే బరువు లాగడానికి ఎక్కువ కరెంటు పీల్చుకొని వేడెక్కుతుంది, చివరకు లోపలి చుట్లు కాలిపోతాయి. అందుచేత మండల కేంద్రాలన్నిటా వైండింగ్ షాపులు వెలిశాయి. కాలిన చుట్లను కోసి తీసి, చుట్టుకు ఎన్ని తిప్పులున్నాయో లెక్కపెట్టి, తీగ మందం కొలిచి, గాళ్లలో కొత్త ఇన్సులేషన్ కాగితం పెట్టి, ఎనామెల్ పూసిన రాగి తీగను అదే లెక్కన చుట్టి, వార్నిషు పట్టించి ఆరబెట్టడం ఆ పని. బోరులో దిగే మోటారైతే నీటిలో మునిగి ఉంటుంది కాబట్టి ఎనామెల్ తీగకు బదులు ప్లాస్టిక్ తొడుగున్న తీగ వాడాలి. ఇది కూర్చొని చేసే పని, ఓర్పుతో లెక్క తప్పకుండా చేసే పని; నిచ్చెన ఎక్కలేని వయసులో కూడా చేయదగినది. విద్యుత్ పనుల్లో నడివయసులో మొదలుపెట్టడానికి ఇంతకంటే అనువైన శాఖ మరొకటి లేదు. బోర్లు ఎండి సేద్యం గిట్టుబాటు కాని రైతుకు, కాలిన మోటారును షాపుకు మోసుకొచ్చి పక్కన కూర్చొని చూసిన అనుభవమే తొలి పాఠం కాగలిగింది.

పెరటి తలుపుకు చెల్లించిన మూల్యం కూడా ఉన్నది. లైన్‌మన్ అందుబాటులో లేక ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఫ్యూజు తానే వేయబోయి ప్రాణం పోగొట్టుకున్న రైతుల కథనాలు తెలుగు జిల్లా పత్రికల్లో ఏటా వస్తూనే ఉన్నాయి. లైన్‌మన్ వెంట తిరుగుతూ స్తంభమెక్కే అనధికార హెల్పరుకు పర్మిట్ లేదు, బీమా లేదు. మనిషి గుండె లయ తప్పడానికి కొన్ని పదుల మిల్లీఆంపియర్ల కరెంటు చాలు. ఇంట్లో అమర్చే లీకేజీ రక్షణ స్విచ్చు ముప్పై మిల్లీఆంపియర్ల వద్ద తెగేలా తయారుచేసేది అందుకే. లైన్ల మీద ఆ రక్షణ ఉండదు. పెద్ద వయసులో వచ్చినవాడు అనుభవంతో జాగ్రత్తపరుడవుతాడన్న నమ్మకం సగమే నిజం: జీవితంలో జాగ్రత్త వేరు, లైను ఆపించి, టెస్టర్‌తో చూసి, ఎర్త్ చేసి గానీ చేయి పెట్టకూడదన్న క్రమశిక్షణ వేరు. ఆ రెండోది ఎవరో పక్కనుండి నేర్పితే తప్ప రాదు.

1973 చమురు ధరల పెరుగుదల తరువాత గల్ఫ్ దేశాలు తెరచిన దారి కరీంనగర్, నిజామాబాదు జిల్లాల నుంచి, కడప, గోదావరి జిల్లాల నుంచి వేలాది మందిని తీసుకుపోయింది. వారిలో హెల్పర్లుగా వెళ్లి, ఇనుప పైపుల వైరింగు, బ్రిటిష్ తరహా పదమూడు ఆంపియర్ల చదరపు పిన్నుల సాకెట్లు, పెద్ద భవనాల ప్యానెల్ బోర్డులు అక్కడే నేర్చినవారున్నారు. సౌదీ అరేబియా 2013లో సొంత పౌరులకు ఉద్యోగాలు కేటాయించే నితాఖాత్‌ను గట్టిగా అమలుచేసినప్పుడు తిరిగివచ్చినవారిలో అటువంటి అనుభవం ఉన్నా, అనుభవాన్ని నిరూపించే కాగితం లేని వారికి ఇక్కడ పర్మిట్ సులభంగా దొరకలేదు. 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో ముందే ఉన్న నైపుణ్యాన్ని పరీక్షించి గుర్తింపునిచ్చే ఏర్పాటు కొంత ఊరటనిచ్చినా, ఆ పత్రానికీ రాష్ట్ర లైసెన్సింగ్ బోర్డు ఇచ్చే పర్మిట్‌కూ మధ్య ఎడం పూర్తిగా పూడలేదు.

ఐటీఐ ప్రవేశానికి ఇప్పుడు కనీస వయసు పద్నాలుగేళ్లు మాత్రమే, గరిష్ఠ వయోపరిమితి లేదు. అంటే నియమం ప్రకారం యాభై ఏళ్ల మనిషి కూడా ఎలక్ట్రీషియన్ కోర్సులో చేరవచ్చు. చేరడానికి అడ్డు వయసు కాదు, రెండేళ్లపాటు పగటిపూట సంపాదన లేకుండా తరగతులకు హాజరు కావలసి రావడం. 1945 నాటి పాలకులు ఈ చిక్కు ముందే ఎరిగి భృతి పెట్టారు. 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో శిక్షణ కాలానికి రోజుకు 500 రూపాయల భృతి, పనిముట్లకు 15,000 రూపాయలు ఇస్తున్నారు. అది కుటుంబపరంగా వస్తున్న సంప్రదాయ చేతిపనుల కోసం ఉద్దేశించినది కాబట్టి, వడ్రంగి, కమ్మరి, కంసాలి, కుమ్మరి మొదలైన 18 వృత్తులు ఆ జాబితాలో ఉన్నాయి. ఎలక్ట్రీషియన్ అందులో లేడు.